రెండు గంటల విమానం, పొద్దస్తమానం ప్రయాణం

అక్కకు నెలలు నిండాయి. డాక్టరు చెప్పిన తేదీకి వారం ముందే అమ్మను అక్క దగ్గరకు చేర్చాలి. విమానంలో కూర్చునేది రెండు గంటలే. కానీ ఇంటికి తాళం వేసిన దగ్గర్నుంచి అక్క గుమ్మం తొక్కేదాకా పొద్దంతా గడిచిపోయింది. ఆ మిగతా గంటలు ఏమయ్యాయో గుర్తున్నంతవరకు రాస్తున్నాను. అందులో నా గంటలే కాదు, 72 ఏళ్ల అమ్మ గంటలు కూడా ఉన్నాయి. నావి పోయినందుకు కంటే అమ్మవి పోయినందుకే నాకు ఎక్కువ బాధ.

నిజానికి ప్రయాణం ముందురోజు రాత్రే మొదలైంది. ఇంటి దగ్గరే చెక్‌-ఇన్ చేసుకుంటే విమానాశ్రయంలో నిలబడే పని తప్పుతుందని విమాన సంస్థ యాప్ తెరిచాను. ముందు అప్‌డేట్ చేయమంది. చేశాక నన్ను బయటకు నెట్టి మళ్లీ లాగిన్ అవమంది. పాస్‌వర్డ్ గుర్తులేదు. కొత్తది పెట్టబోతే ఇంగ్లిష్ పెద్దబడి అక్షరం ఒకటి, అంకె ఒకటి, గుర్తు ఒకటి ఉండాలంది. అన్నీ పెడితే ఇది ఇదివరకు వాడినదే, చెల్లదంది. ఈ నియమాలకు మూలం అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీలో పనిచేసిన బిల్ బర్ 2003లో రాసిన మార్గదర్శకాలు. అక్కడి నుంచే ఇవి ప్రపంచమంతా పాకాయి. అప్పుడు రాసిన దాంట్లో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానని 2017లో ఆయనే చెప్పాడు. కారణం లేకుండా జనంతో ఊరికే పాస్‌వర్డ్ మార్పించొద్దని ఆ సంస్థ కూడా అదే ఏడాది సూచించింది. రాసినాయన వెనక్కి తీసుకున్న సలహాను పట్టుకుని ఇన్నేళ్ల తర్వాత కూడా మనల్ని వేధించడం ఏం న్యాయం?

ఓటీపీ వచ్చేసరికి దాని గడువు అయిపోయింది. రెండోసారి వచ్చింది. ఆ తర్వాత తొమ్మిది గళ్ల బొమ్మ పెట్టి, ట్రాఫిక్ లైట్లు ఉన్న గళ్లు నొక్కమంది. ఒక గడిలో దీపం లేదు, స్తంభం కొస మాత్రం కనిపిస్తోంది. అది లెక్కలోకి వస్తుందా రాదా అని నేను ఆలోచిస్తుంటే, పక్కన మందుల డబ్బా సర్దుకుంటున్న అమ్మ ఫోన్‌లోకి తొంగిచూసి, "ఎందుకమ్మా ఇదంతా?" అంది.

"మనం మనుషులమేనని తేల్చుకోవడానికమ్మా" అన్నాను.

అమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. ఇలాంటి పరీక్షను క్యాప్చా అంటారని, దాని కథ నాకు తెలిసినంత చెప్పాను. 2000 ప్రాంతంలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో లూయీ ఫాన్ ఆన్, మాన్యుయెల్ బ్లమ్, వారి సహచరులు దీన్ని తయారుచేశారు. దొంగ ఖాతాలు తెరిచే ప్రోగ్రాములను అడ్డుకోవడానికే పుట్టింది, ఆ అవసరం నిజమే. తర్వాత ఫాన్ ఆన్‌కే ఇంకో ఆలోచన వచ్చింది. అప్పట్లో బొమ్మలకు బదులు అక్షరాలు ఉండేవి. కోట్ల మంది రోజూ వాటిని గుర్తుపట్టి టైపు చేస్తున్నారు కదా, ఆ శ్రమతో కంప్యూటర్లు చదవలేకపోయిన పాత పుస్తకాల మాటలు చదివిద్దామని రీక్యాప్చా తెచ్చాడు. 2009లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. ఆ తర్వాత వీధి ఫోటోల్లో ఇంటి నంబర్లు కూడా జనం చేతే చదివించారు.

అంతా విని అమ్మ, "అంటే వాళ్ల పని మన చేత చేయించుకుంటున్నారన్నమాట" అంది.

ఆ మాట మర్నాడంతా నా వెంటే వచ్చింది.

సీటు దగ్గర ఇంకో తిప్పలు. డబ్బు కట్టి సీటు ఎంచుకునే బటన్ తెర అడుగున ఇంత లావున మెరుస్తోంది. కట్టకుండా ముందుకు పోయే దారి మాత్రం పైన ఓ మూల, బూడిద రంగు సన్న అక్షరాల్లో ఉంది. ఇలాంటి మాయదారి అమరికలకు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ డార్క్ ప్యాటర్న్స్ అని పేరు పెట్టాడు. పేరు పెట్టి ఇన్నేళ్లయినా అవి పెరిగాయే గాని తగ్గలేదు. చత్వారం ఉన్నవాళ్లకు ఆ సన్న అక్షరాలు ఎలా కనిపిస్తాయి? అమ్మ ఒక్కతే అయితే పెద్ద బటనే నొక్కేది.

ఇంత చేసినా చివర్లో ఏదో పొరపాటు జరిగిందని, విమానాశ్రయంలో సంప్రదించమని చూపించి ఊరుకుంది.

పొద్దున్నే చేరాం. కౌంటర్ల వరుస చాలా పొడుగ్గా ఉంది, మనుషులున్నవి మాత్రం రెండే. మిగతా అందరినీ మెషీన్ల వైపు పంపిస్తున్నారు. అమ్మ తన టికెట్ పని తనే చేసుకుంటానంది. ఎవరి మీదా ఆధారపడటం అమ్మకు ఇష్టం ఉండదు. నేను పక్కన నిలబడి చూశాను.

ఆరు అక్షరాల బుకింగ్ కోడ్ కొట్టాలి. అమ్మ చూపుడువేలితో మెల్లగా ఒక అక్షరం నొక్కింది. పడలేదు. ఇంకాస్త గట్టిగా అదిమింది, అప్పుడూ పడలేదు. ఆ తెరలు వేలి ఒత్తిడిని పట్టించుకోవు. వేలి చర్మం గుండా పోయే కొద్దిపాటి విద్యుదావేశాన్ని బట్టి పనిచేస్తాయి. చర్మం ఎండిపోయి గట్టిపడితే వాటికి సరిగా అందదు. అమ్మ చూపుడువేలి కొస నలభై ఏళ్ల ఇంటిపనికి కాయకాసి, చిన్న చిన్న పగుళ్లతో ఉంటుంది. నాలుగోసారికి పడింది, పడినది పక్క అక్షరం. దాన్ని చెరిపి మూడు అక్షరాలు పూర్తిచేసేసరికి తెర మసకబారి, "మీరు ఇంకా ఇక్కడే ఉన్నారా?" అని అడిగింది. జవాబు నొక్కేలోపే మొదటి పేజీకి పోయింది.

అమ్మ వెనక్కి తిరిగి, వరుసలో ఉన్నవాళ్లకు క్షమాపణ చెప్పింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు ఎవరిదని? నలభై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషి, ఒక గాజుపలక తన వేలిని గుర్తించలేదని నలుగురిలో తల దించుకుంది.

అప్పుడు యూనిఫాంలో ఉన్న ఒక అమ్మాయి వచ్చింది. అక్కడున్న మెషీన్లన్నిటికీ ఆమె ఒక్కతే. "మీరు అలా కూర్చోండమ్మా, నేను చేసిస్తాను" అని అమ్మ భుజం పట్టుకుని పక్క కుర్చీ చూపించింది. అర నిమిషంలో బోర్డింగ్ పాసులు తీసింది. బ్యాగుకు ట్యాగ్ అంటించి తనే బెల్టు మీదకు ఎత్తింది. ఆ లోపే ఇంకో మెషీన్ దగ్గర ఎర్రలైటు వెలిగింది, అటు పరుగెత్తింది.

నేను మెషీన్లకు వ్యతిరేకిని కాదు. 1916లో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి అమెరికాలోని మెంఫిస్ నగరంలో పిగ్లీ విగ్లీ అనే కొట్టు తెరిచి, బుట్ట ఇచ్చి కావలసినవి మీరే తీసుకోండన్నాడు. అంతకుముందు కొట్టువాడు తెచ్చిచ్చేదాకా ఆగాల్సి వచ్చేది. చూసి ఎంచుకునే వీలు దొరికింది గనుక జనానికి నచ్చింది. కాగితం టికెట్లు కూడా అంతే. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ 2008 జూన్ 1 నుంచి ఎలక్ట్రానిక్ టికెట్లకు మారిపోయింది, టికెట్ పోయిందన్న దిగులు తప్పింది. వాటితో మనకు పని తగ్గింది. ఇప్పుడు మెషీన్ పెట్టడంతో ఆగడం లేదు, దాని పక్కన ఉండాల్సిన మనిషిని తీసేస్తున్నారు. నా అభ్యంతరం అక్కడే. మనిషి కావాలన్నవాళ్లకు మనిషి దొరకాలి.

గేటు దగ్గర విమానం ఇరవై నిమిషాలు ఆలస్యమన్నారు. అది కాగానే మరో ఇరవై, ఆపైన ఇంకో ఇరవై. గంటని ముందే చెప్పి ఉంటే అమ్మ హాయిగా బాత్రూముకు వెళ్లి వచ్చి నడుం వాల్చేది. ఎప్పుడు పిలుస్తారో తెలియక, కాళ్లు లాగుతున్నా కుర్చీ అంచునే కూర్చుంది. ఎంతసేపో తెలియని ఎదురుచూపు తెలిసినదాని కంటే పొడుగ్గా అనిపిస్తుందని, వరుసల్లో ఎదురుచూపుల గురించి ఆలోచించిన డేవిడ్ మైస్టర్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు 1985లోనే రాశాడు. నిజం ఒక్కసారే చెప్పడానికి ఖర్చేముంది?

మా వెనక ఒకావిడ ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతోంది. పక్కన ఇద్దరు ముచ్చట్లు చెప్పుకుంటుంటే నిద్రపోగలను గాని, ఒక పక్క మాటే వినిపిస్తే నా వల్ల కాదు. "అయితే ఏమన్నాడు?" అని ఆవిడ అనగానే జవాబు కోసం నా బుర్ర వెతుకుతుంది. కార్నెల్ యూనివర్సిటీలో లారెన్ ఎంబర్సన్ బృందం 2010లో ప్రచురించిన పరిశోధన చెప్పిందీ ఇదే. సగం సంభాషణలో తర్వాతి మాట ఊహకు అందదు, అందుకే పూర్తి సంభాషణ కంటే అదే మన ధ్యాసను ఎక్కువగా లాగుతుంది. ఆవిడ పాపం ఏదో అవసరం మీద మాట్లాడుతోంది, దానికి నేనేమీ అనను.

ఎదురుగా కూర్చున్న కుర్రాడి సంగతి వేరు. స్పీకర్ పెట్టి చిన్న చిన్న వీడియోలు చూస్తున్నాడు. ఒకే పాట ముక్క, మళ్లీ అదే ముక్క. చుట్టూ నలుగురైదుగురు మొహాలు చిట్లిస్తున్నారు, ఎవరూ నోరు విప్పరు. నేనూ పావుగంట అలాగే కూర్చున్నాను. ఆఖరికి లేచి, "బాబూ, మా అమ్మకు కాస్త తలనొప్పిగా ఉంది, ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకుంటావా?" అన్నాను. "అయ్యో, సారీ ఆంటీ" అంటూ జేబులోంచి తీసి పెట్టుకున్నాడు. అంతసేపూ అవి జేబులోనే ఉన్నాయి.

వచ్చి కూర్చున్నాక అమ్మ మెల్లగా, "మంచి పిల్లాడే. ముందే అడగాల్సింది" అంది.

ఎక్కేటప్పుడు తోపులాట మామూలే. జేసన్ స్టెఫెన్ అనే భౌతిక శాస్త్రవేత్త 2008లో దీనికో లెక్క వేశాడు. వరుస విడిచి వరుస, కిటికీ సీట్లవాళ్లను ముందు పంపితే ఒకేసారి ఎక్కువమంది సామాను సర్దుకోగలరని చెప్పాడు. తర్వాత 72 మందితో పరీక్షిస్తే, వెనక వరుసల నుంచి గుంపులుగా ఎక్కించే పద్ధతితో పోలిస్తే దాదాపు సగం సమయమే పట్టింది. మాకు అలాంటి వరసా క్రమమూ ఏమీ లేదు.

దిగేటప్పుడు సీటుబెల్టు లైటు ఆరీ ఆరకముందే అందరూ లేచారు. తలుపు ఇంకా తీయలేదు. పైనుంచి ఎవరో లాగిన బ్యాగు అమ్మ తలకు వెంట్రుకవాసిలో తప్పింది. ఆయన కనీసం ఇటు చూడను కూడా చూడలేదు. మేం ఆఖర్న దిగాం.

సామాను దగ్గరకు చాలా నడక. అమ్మ రెండుసార్లు ఆగింది. ఆ పొడుగాటి దారిలో నాకు హ్యూస్టన్ విమానాశ్రయం గురించి చదివినది గుర్తొచ్చింది. సామాను ఆలస్యమవుతోందని ప్రయాణికులు ఫిర్యాదులు చేస్తుంటే, విమానాలు ఆగే చోటును దూరం జరిపి, సామాను బెల్టును ఇంకో చివరకు మార్చారట. నిలబడే సమయం నడకలో కలిసిపోయి ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయట. తెలివైన ఉపాయమని అందరూ మెచ్చుకుంటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను ఎవరైనా అడిగారా?

బెల్టు చుట్టూ ట్రాలీలు ఆనించి జనం గోడ కట్టారు. నేల మీద పసుపు గీత ఉంది. అందరూ దాని వెనక నిలబడితే ఎవరి బ్యాగు వాళ్లకు దూరం నుంచే కనిపిస్తుంది, వచ్చినప్పుడు ఒక అడుగు ముందుకు వేస్తే చాలు. మా బ్యాగు నాకు కనిపించకుండానే రెండు చుట్లు తిరిగిపోయింది.

టాక్సీలో కూర్చోగానే ఫోన్ మోగింది. మీ ప్రయాణం ఎలా ఉందో చెప్పండి, రెండు నిమిషాలే, అని మెసేజ్. సీటు సౌకర్యానికి ఎన్ని మార్కులు, శుభ్రతకు ఎన్ని, యాప్‌కు ఎన్ని, అలా ఒకదాని తర్వాత ఒకటి. అమ్మ కళ్లజోడు పెట్టుకుని దగ్గరకు జరిగింది.

"పొద్దున మనకు సాయం చేసిన అమ్మాయి గురించి రాయి. మన బ్యాగు తనే ఎత్తింది కదా."

చివరిదాకా జరిపి చూశాను. అంకెలు నొక్కడానికి తప్ప ఏదైనా రాయడానికి చోటు లేదు.

"లేదమ్మా" అన్నాను.

"కిందెక్కడైనా ఉంటుందేమో, మళ్లీ చూడు" అంది అమ్మ.