అరిసెల డబ్బా

జనవరి 18, ఆదివారం

పొద్దున కాఫీ తాగాక ఒక అరిసె తిందామని చూస్తే డబ్బా కనిపించలేదు. చెల్లి కంట పడకూడదని అమ్మ అటక మీద పెట్టేసింది. ఎం.ఎస్. అనే నరాల జబ్బు ఉన్నవాళ్ళు నెయ్యి ముట్టకూడదట అని గుంటూరు నుంచి పెద్దమ్మ ఫోన్ చేసిందట.

"ముద్దపప్పులో అంతంత నెయ్యి వేసి పెట్టింది నేనే కదే" అంది అమ్మ పొయ్యి గట్టు తుడుస్తూ, నా వైపు చూడకుండా.

చెల్లికి 26. పోయిన ఆగస్టులో ఒక కన్ను మసకబారి, తిప్పితే నొప్పి అంటే అద్దాలు మార్చాలేమో అనుకున్నాం. ఎమ్మారై తీశాక మల్టిపుల్ స్క్లెరోసిస్, అదే ఎం.ఎస్., అన్నారు. నరాల మీద ఉండే మైలిన్ అనే కొవ్వు పొరను ఒంట్లోని రోగనిరోధక శక్తే దెబ్బతీస్తుంది. మన దగ్గర అరుదు కాబట్టి పేరు చెప్తే ఎవరికీ తెలియదు. తెలియనివాళ్ళంతా తిండి మీద పడతారు.

నెయ్యి మాట ఊరికే పుట్టలేదు. నార్వేలో సముద్రం ఒడ్డున చేపలు తినేవాళ్ళకంటే, లోపలి ఊళ్ళలో పాలు, వెన్న, మాంసం ఎక్కువగా తినే రైతుల్లో ఈ జబ్బు ఎక్కువని రాయ్ స్వాంక్ అనే డాక్టరు 1952లో రాశాడు. తర్వాత 150 మంది దాకా రోగులకు కొవ్వు బాగా తగ్గించిన తిండి చెప్పి 34 ఏళ్ళు గమనించాడు. పథ్యం సరిగ్గా చేసినవాళ్ళు మెరుగ్గా ఉన్నారన్నాడు. కానీ పోల్చి చూడటానికి మామూలు తిండి తినే ఇంకో జట్టు లేదు. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళే పథ్యం నిలబెట్టుకోగలిగారేమో కూడా. దాన్ని పట్టుకుని ఒక తల్లి చేతి ముద్దను తప్పు పట్టడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

గట్టి ఆధారం వైరస్ వైపు ఉంది. అమెరికా సైన్యంలో కోటిమందికి పైగా రికార్డులు చూసి, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకాక ఎం.ఎస్. ముప్పు 32 రెట్లు పెరుగుతుందని 2022లో తేల్చారు. ఇది చెప్పి పొరపాటు చేశాను. ఎలా సోకుతుంది అని అడిగింది అమ్మ. ఎంగిలితో అన్నాను. ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఒకే కంచంలో తినేవాళ్ళం కదే!"

వెంటనే పక్కన కూర్చోబెట్టాను. అమ్మా, అది లోకంలో దాదాపు అందరికీ సోకేదే, నీకూ నాకూ కూడా. చిన్నప్పుడే సోకితే చాలామందికి సోకినట్టే తెలియదు. అందులో ఏ కొద్దిమందికో ఎం.ఎస్. వస్తుంది. జన్యువులు, పొగతాగడం, పదిహేను ఇరవై ఏళ్ళ వయసులో ఊబకాయం, డి విటమిన్ తక్కువగా ఉండటం, ఇలా చాలా కలవాలి.

"బెజవాడ ఎండలో డి విటమిన్ తక్కువేమిటే?" అంది.

నేనూ మొదట అలాగే అనుకున్నాను. చెల్లి తొమ్మిదికి ఆఫీసుకు వెళ్ళి చీకటి పడ్డాకే వస్తుంది. స్కూటీ మీద మొహానికి చున్నీ, చేతులకు గ్లౌజులు. ఇక ఎండ ఎక్కడ తగులుతుంది? రక్తపరీక్షలో చాలా తక్కువ వచ్చింది. డాక్టరు వారానికొక మాత్ర రాశారు. మందులు మానకుండా వేసుకోవడమే ముఖ్యం, తిండి వాటికి తోడే అని కూడా అన్నారు.

పదిన్నరకు ముగ్గురం మేడ మీదికి వెళ్ళాం. సూర్యుడు అప్పుడే పొడిచినప్పటి లేత ఎండ దీనికి పెద్దగా పనికిరాదు, మన నీడ మనకంటే పొట్టిగా ఉన్నప్పుడే చర్మం డి విటమిన్ బాగా తయారు చేసుకుంటుంది. చెల్లి తన నీడను అడుగులతో కొలుచుకుంది. అలసట వచ్చి మధ్యలోనే కూర్చుండిపోయింది. అమ్మ గబగబా కిందికి దిగింది, నీళ్ళకేమో అనుకున్నాను. డబ్బా పట్టుకొచ్చింది.

"ఒక్కటే" అంది దాని చేతిలో అరిసె పెడుతూ.

సాయంత్రం వంటింట్లో క్యాలెండర్ చూస్తే, బుధవారం గడిలో అమ్మ పెన్సిల్‌తో "కానాగంత చేపలు" అని రాసి ఉంది. పెద్దమ్మకు రేపు నేనే ఫోన్ చేస్తాను.