బెంగళూరులో బీటీఎం నుంచి మల్లేశ్వరం దాకా, మడత ఎలక్ట్రిక్ సైకిల్ మీద

మా బావమరిదికి పూణె బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ తన మడత ఎలక్ట్రిక్ సైకిల్ మా ఇంట్లో పెట్టి, "బావా, కొని నాలుగు నెలలు కూడా కాలేదు, ఒకరోజు తిప్పి చూడు, నచ్చితే నువ్వే ఉంచుకో, లేదంటే అమ్మేద్దాం" అన్నాడు. నాకూ ఎప్పటినుంచో ఇలాంటిదొకటి కావాలని ఉంది. ఇంటి నుంచి మెట్రో దాకా తొక్కి, మడిచి రైలెక్కి, దిగాక మళ్ళీ తొక్కుకుంటూ ఆఫీసుకి పోవాలని నా ఆశ. సరే, ఆదివారం మల్లేశ్వరంలో పిన్ని వాళ్ళింటికి దీని మీదే వెళ్దామని బయల్దేరాను.

అసలు పరీక్ష రోడ్డెక్కకముందే మొదలైంది. మాది బీటీఎం సెకండ్ స్టేజ్‌లో మూడో అంతస్తు, లిఫ్టు లేదు, 48 మెట్లు. సామాన్లు తూచే చిన్న వేలాడే తూకం ఇంట్లో ఉంటే తగిలించి చూశాను, 17 కిలోల 400 గ్రాములు. కంపెనీ కాగితం మీద 15 అని ఉంది, అది బ్యాటరీ తీసేసి తూచిన లెక్క. బ్యాటరీ లేకుండా ఎవరు తొక్కుతారు చెప్పండి? ఇలాంటి బండి కొనేవాళ్ళు దయచేసి బ్యాటరీతో సహా ఎంతో అడగండి, వీలైతే షాపులోనే ఎత్తుకుని ఒక అంతస్తు ఎక్కి చూడండి. మడిచాక రెండు చక్రాలూ కలిసి ఉండటానికి ఒక అయస్కాంతం పెట్టారు, అది రెండో అంతస్తు మలుపులోనే వదిలేసింది, చక్రం తెరుచుకుని నా మోకాలికి తగిలింది. చైను గ్రీజు ప్యాంటుకి అంటింది.

కిందికి దిగాక మాత్రం హాయి. మడత విప్పడానికి అర నిమిషం పట్టలేదు. మధ్యలో ఉండే మడత గొళ్ళెం, హ్యాండిల్ కింద గొళ్ళెం రెండూ గట్టిగా పడ్డాయో లేదో చేత్తో ఊపి చూసుకున్నాను, ఎక్కే ప్రతిసారీ చూసుకోవాల్సిందే, నడుస్తుండగా హ్యాండిల్ వంగిపోతే ఇంకేమైనా ఉందా. మోటారు 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం దగ్గర సాయం ఆపేస్తుంది కాబట్టి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. హెల్మెట్ మాత్రం పెట్టుకున్నాను.

జయనగర్ లోపలి రోడ్లలో, పొద్దున్నే ఆరున్నరకి, ఆ చెట్ల నీడలో పోతుంటే అసలు దిగబుద్ధి కాలేదు. కాలు ఊరికే ఆడిస్తుంటే వెనక నుంచి ఎవరో వీపు మీద చెయ్యేసి తోస్తున్నట్టు ఉంటుంది. సౌత్ ఎండ్ సర్కిల్ దాటాక ఒక గుంటలో పడ్డాను, చిన్నదే, మామూలు సైకిలైతే తెలిసేది కూడా కాదు. ఇది 16 అంగుళాల చక్రం, సస్పెన్షన్ లేదు, ఆ దెబ్బ నేరుగా మణికట్టుకి వచ్చింది. అప్పటి నుంచి కళ్ళు రోడ్డు మీద నుంచి తీయలేదు, స్పీడ్ బ్రేకర్ల దగ్గర పిరుదులు సీటు మీద నుంచి లేపి దాటించాను. రంగు పోయిన స్పీడ్ బ్రేకర్లు మన ఊళ్ళో ఎన్ని ఉన్నాయో చిన్న చక్రాల మీద పోతేనే అర్థమవుతుంది.

బసవనగుడి గాంధీ బజార్లో పూలవాళ్ళు అప్పుడే బుట్టలు దించుతున్నారు. విద్యార్థి భవన్ ముందు అప్పటికే జనం, 1943 నుంచి ఉన్న హోటలు మరి, దోసె తినాలని ఉన్నా పిన్ని టిఫిన్ చేసి ఉంచుతుందని ఆగలేదు. బుల్ టెంపుల్ రోడ్డు మిట్ట దగ్గర సిగ్నల్ పడింది. ఇక్కడే ఈ బండిలో పెద్ద లోపం తెలిసింది. ఇందులో ఉన్నది పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్, కాలు ఎంత బలంగా తొక్కుతోందో దానికి తెలియదు. పచ్చ లైటు పడి నేను తొక్కితే సగం చుట్టు తిరిగేదాకా మోటారు అందుకోలేదు, వెనక బస్సు హారన్ కొడుతుంటే ఆ రెండు క్షణాలు చాలా టెన్షన్. కాలి బలాన్ని కొలిచే టార్క్ సెన్సర్ ఉన్నవి వెంటనే అందుకుంటాయి, ధర ఎక్కువ. దీనికి నాకు దొరికిన ఉపాయం ఏంటంటే సిగ్నల్ దగ్గర ఆగేముందే గేరు తగ్గించుకోవడం, అప్పుడు ఆ సగం చుట్టు తేలిగ్గా తిరుగుతుంది.

పక్కన ఆగిన ఆటో ఆయన "ఎష్టు మైలేజ్ కొడుత్తె సార్?" (ఎంత మైలేజ్ ఇస్తుంది?) అని కన్నడలో అడిగాడు. నిజంగా చెప్పాలంటే అప్పటికి నాకూ తెలియదు. బ్యాటరీ 36 వోల్టులు, 7 ఆంపియర్ అవర్లు, అంటే అందులో సుమారు 250 వాట్ అవర్ల విద్యుత్తు పడుతుంది. చామరాజపేట, మెజెస్టిక్, శేషాద్రిపురం మీదుగా పిన్ని వాళ్ళింటికి చేరేసరికి 14 కిలోమీటర్లయింది, చార్జింగ్ చూపించే ఐదు గీతల్లో మూడు పోయాయి. నేను 78 కిలోలు, మిట్టల్లో సాయం బాగా పెంచుకున్నాను. నా లెక్కన 25 కిలోమీటర్లు వస్తే గొప్ప, పెట్టె మీద రాసిన 40 మాట మర్చిపోవచ్చు. (దీన్ని విమానంలో ఊరికి తీసుకెళ్దామనుకునేవాళ్ళు ఆ ఆలోచన మానుకోండి, 160 వాట్ అవర్లు దాటిన ఇలాంటి లిథియం బ్యాటరీని ప్రయాణికుల సామానుతో విమానంలోకి రానివ్వరు.)

బసవనగుడి, మల్లేశ్వరం రెండూ 1898 ప్లేగు తర్వాత గాలి వెలుతురు కోసం వేసిన పేటలు. ఈ బండి మీద నాకు బాగా సుఖంగా అనిపించినవి కూడా ఈ రెండే, నిటారు వీధులు, అడ్డంగా క్రాసులు, పెద్ద రోడ్డు ఎక్కకుండానే ఎక్కడికైనా పోవచ్చు. మధ్యలో మెజెస్టిక్ దగ్గర మాత్రం బస్సుల మధ్య తొక్కలేక దిగి నడిపించుకుంటూ వెళ్ళాను.

పిన్ని ఉప్మా పెసరట్టు వేసి పెట్టింది. బ్యాటరీ విప్పి లోపల చార్జింగ్ పెట్టాను, చార్జర్ 2 ఆంపియర్లది, ఖాళీ నుంచి నిండటానికి నాలుగు గంటలు పడుతుంది, నాకు రెండున్నర గంటలు చాలింది. ఈలోగా బాబాయి టేపు తెచ్చి మడిచిన బండిని కొలిచాడు, 72, 60, 38 సెంటీమీటర్లు. 2022 నవంబరులో బెంగళూరు మెట్రో (నమ్మ మెట్రో) మడత సైకిళ్ళని చివరి పెట్టెలోకి అనుమతించినప్పుడు పెట్టిన కొలత 60, 45, 25, బరువు 15 కిలోలు. ఏ లెక్కన చూసినా మనది మించిపోయింది. నా మెట్రో ఆశ అక్కడే పోయింది, చాలా బాధేసింది, ఎందుకంటే ఆ ఒక్క పని కోసమే కదా ఇంత చిన్న చక్రాలూ, ఇన్ని కుదుపులూ భరించేది.

బాబాయికి 66 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులతో సైకిల్ మానేసి చాలాకాలమైంది. "ఒక్క రౌండు వేసొస్తానురా" అని తీసుకెళ్ళి ఇరవై నిమిషాలకి ఎయిత్ క్రాస్ మార్కెట్ నుంచి కొత్తిమీర కట్ట పట్టుకుని వచ్చాడు. పిన్ని గుమ్మంలో నిలబడి ఒకటే కంగారు.

సాయంత్రం ఆవకాయ సీసాతో తిరిగొచ్చి, ఆ 48 మెట్లూ రెండుచోట్ల ఆగి ఎక్కాను. రాత్రి బావమరిదికి ఫోన్ చేసి, నాకు వద్దు, ఈ మెట్లకి 12 కిలోలు దాటితే కుదరదని చెప్పేశాను. పెట్టేసిన ఐదు నిమిషాలకి బాబాయి ఫోన్. వాళ్ళది కింది వాటా, మెట్ల కింద జాగా ఉంది, అదీ కొలిచాడట. "మీ బావమరిది ఎంతకిస్తాడో కనుక్కోరా" అన్నాడు.