ప్రశ్న ఉత్పన్నం కాదు

శాఖ పేరు చెప్పను. సర్వీసు ఇంకా పదకొండేళ్లుంది. శ్రీకాకుళంలో ఒక జిల్లా ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని, పల్లెల్లో తాగునీళ్లకీ మా ఆఫీసుకీ సంబంధం ఉంది. ఇంతవరకు చాలు. ఏ ఏడాదో కూడా చెప్పను, చెబితే ఏ మంత్రో తెలిసిపోతుంది. జిల్లాలు విడిపోయాక జరిగిందని మాత్రం గుర్తుపెట్టుకోండి, ఆ ముక్కతో తర్వాత పనుంది.

అసెంబ్లీ సమావేశాలంటే టీవీ చూసేవాళ్లకు అరుపులు, వాకౌట్లు. మాకు ఎల్‌ఏక్యూలు. లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్ అని పూర్తిగా ఎవరూ అనరు. "ఎల్‌ఏక్యూ వచ్చింది" అని సెక్షన్లో ఒకరంటే చాలు, టీ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. సభ్యుడు ప్రశ్న వేశాడు, మంత్రి జవాబిచ్చారు, పేపర్లో అంతే వస్తుంది. ఆ రెంటికీ మధ్య ప్రశ్న వెలగపూడి సచివాలయం నుంచి శాఖాధిపతి ఆఫీసుకి, అక్కణ్ణుంచి జిల్లాకి, జిల్లా నుంచి మండలానికి దిగుతుంది. జవాబు అవే మెట్లెక్కి పైకి పోతుంది. దిగడానికి వారం పట్టినా ఎవరూ అడగరు. ఎక్కడానికి మాత్రం ఒక రాత్రి ఇస్తారు.

నాకు మొదటి ఎల్‌ఏక్యూ మార్చిలో తగిలింది. ఆ సీటు చూసే ఆయన బదిలీ మీద వెళ్లి ఇరవై రోజులు కూడా కాలేదు. మార్చి అంటే మాకు బిల్లుల నెల, తల ఎత్తడానికి ఉండదు. శుక్రవారం సాయంత్రం ఆరవుతోంది. స్కూటీ తాళం చేతిలోకి తీసుకున్నాను. వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పడింది. పైన ఎర్ర అక్షరాలతో "మోస్ట్ అర్జంట్", కింద "రేపు ఉదయం 11 గంటలలోపు". రేపు రెండో శనివారం. పైగా పెళ్లి ముహూర్తాలు.

ప్రశ్న ముగ్గురు సభ్యుల పేర్ల మీద ఉంది. ఒకే విషయం మీద వచ్చిన నోటీసుల్ని అలా కలిపేస్తారట. "గౌరవ మంత్రివర్యులు దయచేసి ఈ క్రింది విషయములను తెలియజేయుదురా" అని మొదలుపెట్టి మూడు ముక్కలు. (అ) శ్రీకాకుళం జిల్లాలోని గ్రామములలో ఏర్పాటు చేసిన మంచినీటి శుద్ధి ప్లాంట్లు అనేకము పనిచేయుటలేదన్న విషయము వాస్తవమేనా. (ఆ) అయినచో, మండలములవారీగా వాటి వివరములేవి. (ఇ) గత 5 సంవత్సరములలో వాటి మరమ్మతులకై వెచ్చించిన మొత్తమెంత?

చదవడానికి అర నిమిషం పట్టింది. వివరాలు నింపే ప్రొఫార్మా గీసి ముప్పై మండలాల గ్రూపులో పెట్టాను. ఇంటికి ఫోన్ చేసి అన్నం వండుకోమన్నాను.

మొదటి ఫోను టెక్కలి వైపు నుంచి. వెనకాల సన్నాయి వినిపిస్తోంది. "మేడమ్, ఏర్పాటు చేసినవి అంటే ఎవరు చేసినవండి? మనవా, అన్నీనా?" అన్నాడు ఏఈ, అంటే అక్కడి అసిస్టెంట్ ఇంజనీరు. నిజమే. 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల పేరుతో 20 లీటర్లు 2 రూపాయలకిచ్చే ప్లాంట్లు మొదలయ్యాయి. అవి కాక దాతలు పెట్టినవి, కంపెనీలు పెట్టినవి, పంచాయతీలు సొంతంగా పెట్టుకున్నవి. ఊళ్లోవాళ్లకి అన్నీ "ప్లాంటు"లే. మా రిజిస్టర్లో ఉన్నవి వేరు. ఎవర్నడగాలి? సూపరింటెండెంటు గారికి ఫోన్ చేశాను. ఆయన రిటైర్మెంటుకి ఏడాది దూరంలో ఉన్నారు, ఆఫీసులో ఆయనకి తెలియని కాగితం లేదు. "మన రిజిస్టర్లో ఉన్నవే రాయమ్మా. లేనివాటికి మనం బాధ్యత తీసుకుంటే రేపు మరమ్మతులకీ మనమే అవుతాం" అన్నారు.

రెండో చిక్కు అంతకన్నా పెద్దది. పనిచేయడం అంటే ఏమిటి?

నవ్వకండి. ఒక మండలంలో ప్లాంటుకి మోటారుంది, ఫిల్టరుంది, కరెంటు బిల్లు కట్టక మీటరు పీకేశారు. ఏఈ "పనిచేయుచున్నది" అని రాశాడు. పక్క మండలంలో అచ్చంగా అదే పరిస్థితి, అక్కడి ఏఈ "పనిచేయుటలేదు" అని రాశాడు. ఇంకొకచోట ప్లాంటు రోజుకు గంటసేపు నడుస్తుంది, ఆపరేటరుకి జీతం లేదు కాబట్టి అతను పొలం పని చూసుకుని తీరికున్నప్పుడు వచ్చి తాళం తీస్తాడు. దాన్ని ఏ గడిలో వేయాలి? ఒకాయన ఏకంగా "తాత్కాలికముగా విశ్రాంతిలో ఉన్నది" అని రాసి పంపాడు. ఆ రాత్రి నేను నవ్వింది ఒక్కసారే, దానికి.

తొమ్మిదింటికి కవిటి మండలం షీటు వచ్చింది. కవిటి నా కన్నవారి వైపు. ఉద్దానంలో పుట్టినవాళ్లకి నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మా దగ్గర చదువు రాని ముసలమ్మకి కూడా కిడ్నీల సంగతి చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్ అంటే తెలుసు. పెళ్లిచూపుల్లో కూడా ఎవరింట్లో ఎవరికి ఎంత ఉందో లోపాయికారీగా వాకబు చేస్తారు. కొబ్బరి తోటలు, జీడి తోటలు, పచ్చగా ఎంత బాగుంటుందో ఊరు, ఇంటికొకరికి కిడ్నీ ఫైలు. నీళ్లే కారణమని డాక్టర్లు గట్టిగా తేల్చలేదు, అయినా బోరు నీళ్లు తాగాలంటే భయం. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. నేను చెప్పేది దానికి ముందా తర్వాతా అని అడక్కండి, మొదట్లోనే చెప్పాను.

షీటులో మా ఊరి వరస ఉంది. ఎదురుగా "పనిచేయుచున్నది".

సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను ఆ ప్లాంటుని. షట్టరుకి తాళం, ముందు ఎవరో పిడకలు ఆరబెట్టుకున్నారు. అమ్మ 20 లీటర్ల టిన్ను ఆటోవాడి దగ్గర కొనుక్కుంటోంది. ఏఈకి ఫోన్ చేశాను. పాపం మంచివాడే. "మోటారు బాగుందండి మేడమ్, ఫిల్టరు బాగుంది. కరెంటు లేదంతే. అది పంచాయతీ కట్టాలి కదండి, మన పరికరం పనిచేస్తున్నట్టే కదా" అన్నాడు. అతని లెక్కలో తప్పు లేదు. నేను ఆ గడిని దిద్దలేదు, దిద్దే అధికారం నాకు లేదు. పక్కన "రిమార్కులు" అని ఒక కాలమ్ కలిపి, అన్ని మండలాల్లో కరెంటు బకాయి ఉన్నవాటికీ, మనిషి లేనివాటికీ ఆ మాట రాయించాను. పదకొండైంది.

ఇక (ఇ). గత ఐదేళ్ల ఖర్చు. పాత షీట్లన్నీ కూడేసి మొత్తం వేశాను. పన్నెండున్నరకి, ఎందుకో మండలాలు లెక్కపెడితే ముప్పై ఎనిమిది వచ్చాయి. 2022 ఏప్రిల్ 4కి ముందు మా జిల్లాలో మండలాలు 38. ఆ రోజు రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరానికి, పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యానికి వెళ్లిపోయాయి. నేను వెళ్లిపోయిన ఎనిమిదింటి ఖర్చూ మన ఖాతాలో వేసేశాను. అదలాగే పైకి వెళ్తే, రేపు విజయనగరం వాళ్లూ అదే ఖర్చు చూపిస్తే, సభలో మంత్రిగారి చేతిలో ఒకే రూపాయి రెండు జిల్లాల్లో ఖర్చయినట్టుంటుంది. చేతులు చల్లబడ్డాయి. మళ్లీ మొదటినుంచి తీసుకుంటే, పాత షీట్లలో ఖర్చు మండలాలవారీగా లేదు, డివిజన్లవారీగా ఉంది. పాలకొండ డివిజన్లోంచి ఏది ఎటు పోయిందో బిల్లు బిల్లూ విప్పి విడగొట్టేసరికి కోడి కూసింది. అతిశయోక్తి కాదు, మా క్వార్టర్స్ వెనక ఎవరో కోళ్లు పెంచుతారు.

ఉదయం సూపరింటెండెంటు గారు వచ్చారు. ఒక మండలం వివరం ఇంకా రాలేదు. "వివరములు సేకరించబడుచున్నవి" అని రాసేద్దామన్నాను. ఆయన కళ్లజోడు తీసి పెట్టేశారు. "ఆ మాట మాత్రం వద్దమ్మా. సభలో ఆ మాట అంటే హామీ ఇచ్చినట్టు. హామీల కమిటీకి పోతుంది. అది తీరేదాకా ఫైలు మూయరు. నువ్వు బదిలీ అయిపోయినా నీ వెనకాలే వస్తుంది." వెంటనే ఆ మండలానికి అటెండర్ని బైకు మీద పంపాం.

జవాబుతోపాటు ఇంకో కాగితం కూడా తయారు చేయాలి. అది నక్షత్ర గుర్తు ప్రశ్న. అంటే సభలో మంత్రి నోటితో జవాబు చెబుతారు, సభ్యుడు లేచి అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. ఏం అడుగుతారో ముందే ఊహించి మంత్రిగారి చేతికి ఒక నోటు ఇవ్వాలి, మేం సప్లిమెంటరీస్ నోటు అంటాం. నాకు అన్నిటికన్నా నచ్చిన పని అదే. నేనే ఎమ్మెల్యేనైతే ఏం అడుగుతాను? కరెంటు బిల్లు ఎవరు కట్టాలి, ఎందుకు కట్టలేదు, ఆపరేటరు జీతం ఎక్కడినుంచి. అన్నీ రాశాను. రెండున్నర పేజీలు.

తర్వాత వారం ప్రశ్న సభ జాబితాలోకి వచ్చింది, దాదాపు అడుగున. సెక్షన్లో ఫోన్లో లైవ్ పెట్టుకుని కూర్చున్నాం. పైనున్న రోడ్ల ప్రశ్న దగ్గరే గొడవై, మాది రాకుండానే ప్రశ్నోత్తరాల సమయం అయిపోయింది. అలా మిగిలిపోయినవాటి జవాబుల్ని సభా సమక్షంలో ఉంచినట్టు ప్రకటిస్తారు. లేచేవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. నా రెండున్నర పేజీలు ఎవరి చేతిలోనో అలాగే మడతపడి ఉండిపోయాయి.

మూడు రోజులకి అచ్చు కాగితం చూశాను.

(అ) లేదండి.
(ఆ), (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

అంతే. రిమార్కుల కాలమ్ పైవాళ్ల ప్రొఫార్మాలో లేదు కాబట్టి ఎక్కడో మెట్ల మీదే రాలిపోయింది. ఎనిమిది మండలాలు విడదీసిన లెక్క కూడా ఉత్పన్నం కాలేదు. సూపరింటెండెంటు గారు నా మొహం చూసి కుర్చీ జరుపుకున్నారు. "అనేకం అని అడిగారమ్మా. అనేకం అంటే ఎంత? సగానికన్నా ఎక్కువ పనిచేస్తున్నాయని మన షీటే చెబుతోంది. వాస్తవమేనా అని అడిగితే అవుననో లేదనో చెప్పే వీలిచ్చినట్టు. లేదంటే కింద 'అయినచో' ఉంది చూడు, అది పడిపోతుంది. ఎన్ని అని అడిగి ఉంటే అంకె రాయక తప్పదు." అబద్ధం ఎవరూ ఆడలేదు. ఆ సంగతే నాకు మింగుడుపడలేదు.

ఆ కాగితం తమ్ముడి దగ్గరికి ఎలా చేరిందో తెలీదు. రాత్రి ఫోన్ చేశాడు. "అప్పా, మనూరి ప్లాంటు పనిచేస్తందట గదా. సభలోనే చెప్పీసినారు. అమ్మకి టిన్ను ఇచ్చి పంపీమంటావేటి?"

"నన్నేటి చెయ్యమంటావురా" అన్నాను. ఇంకేమంటాను.

మే నెలలో ఊరెళ్లినప్పుడు తోటలో కూర్చుని వాడికి మొత్తం చెప్పాను, షీట్లలో ఏముందో తప్ప. ప్రశ్న ఎలా అడిగితే ఎలాంటి జవాబొస్తుందన్నది ఆఫీసు రహస్యం కాదు, అచ్చయిన పాత ప్రశ్నలు నాలుగు చదివితే ఎవరికైనా తెలుస్తుంది. వాడు ముందు పార్లమెంటు అన్నాడు. లోక్‌సభలో రోజుకి నక్షత్ర గుర్తువి 20, రాతపూర్వక జవాబువి 230, పదిహేను రోజుల ముందు నోటీసు, ఎవరిది ముందన్నది లాటరీ. అదంతా దాటినా తాగునీరు రాష్ట్ర పరిధిలోని అంశం అనే వాక్యంతోనే జవాబు మొదలవుతుంది. ఇప్పుడైతే ఇంకో సంగతి కూడా ఉంది, మా ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు 2024 జూన్ నుంచి కేంద్ర పౌర విమానయాన మంత్రి. మంత్రులు ప్రశ్నలు వేయరు, జవాబులు చెబుతారు. అసెంబ్లీయే దిక్కు.

ఎమ్మెల్యే ఆఫీసు చుట్టూ వాడు మూడుసార్లు తిరిగాడు. మొదటిసారి పీఏ, "సీసీ రోడ్డు కావాలంటే చెప్పు, చూద్దాం. ప్రశ్నేటి నీకు?" అన్నాడట. రెండోసారి కాగితం తీసుకున్నారు. మూడోసారి దాన్ని పోగొట్టుకుని మళ్లీ అడిగారు. వాడు నలుగురు ఊరివాళ్లని వెంటేసుకుని వెళ్లి మళ్లీ ఇచ్చాడు.

సెప్టెంబరులో నా టేబుల్ మీదికి ఇంకో ఎల్‌ఏక్యూ వచ్చింది, ఈసారి నక్షత్ర గుర్తు లేనిది. (అ) జిల్లాలోని గ్రామములలో, ఏర్పాటు చేసినవారెవరైనను, ప్రస్తుతమున్న మంచినీటి శుద్ధి ప్లాంట్లు ఎన్ని. (ఆ) వాటిలో నేటికి ప్రజలకు నీరు ఇచ్చుచున్నవి ఎన్ని. (ఇ) విద్యుత్ బకాయి వలన నిలిచిపోయినవి మండలములవారీగా ఏవి? భాష గ్రాంథికంగా మార్చారు గానీ "ఎవరైనను" అన్న ముక్క మావాడిదేనని గుర్తుపట్టాను. సూపరింటెండెంటు గారు చదివి, "ఎవరో తెలిసినవాడే రాశాడు" అన్నారు. నా వైపు చూడలేదు.

ఈసారి "పనిచేయుచున్నది" అన్న గడే లేదు. నీళ్లిస్తోందా లేదా, అంతే. కవిటి ఏఈ అడక్కుండానే మా ఊరిని (ఇ)లో వేసి పంపాడు. పట్టిక అనుబంధంగా అచ్చయింది, ఐదో పేజీలో మా ఊరి పేరు ఉంది, ఒక అక్షరం తప్పుతో.

రెండు నెలల్లో పంచాయతీ బకాయి కట్టింది, మీటరు మళ్లీ పెట్టారు. ప్రశ్న వల్లో, సర్పంచి గారి మీద ఒత్తిడి వల్లో నేను చెప్పలేను. షట్టరు తీసిన రోజు తమ్ముడు ఫోన్ చేశాడు. వెనకాల మోటారు చప్పుడు వినిపిస్తోంది.

"నీలు వస్తన్నాయి అప్పా. గానీ ఉప్పగున్నాయి. అన్నాళ్లు ఆగిపోయుంటే లోపల ఉప్పు వడకట్టే మెంబ్రేన్ పాడైపోద్దట, మెకానిక్కు చెప్పినాడు. కొత్తది ఎవులు కొంతారంటే ఎవులూ పలకట్లేదు." కాసేపాగి, "మెంబ్రేన్ మాట అందులో రాయడం మరిసిపోనామే. మళ్లీ సభ ఎప్పుడు?" అన్నాడు.