మసి గీత చూపిన పగులు
పాత ట్రాక్టరు ఇంజను చల్లగా ఉన్నప్పుడు టిక్కుటిక్కుమంటూ, వేడెక్కిన కొద్దీ ఆ చప్పుడు సన్నగిల్లుతుంటే, దోషం వాల్వులదేననుకొని రెండు రోజులు వాటి గ్యాపులు సరిచూస్తూ వృథా చేశాను. చివరకు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజను పొగను బయటికి పంపే పోత ఇనుప గొట్టం) మీద వెంట్రుకంత సన్నని మసి గీత కనిపించింది; అక్కడి పగులులోంచి పొగ లీకవుతూ చప్పుడు చేస్తోంది. వేడికి పోత ఇనుము వ్యాకోచించి పగులు మూసుకుపోవడం వల్లనే చప్పుడు తగ్గుతోందని అప్పుడు అర్థమైంది. మానిఫోల్డును ఇంజనుకు పట్టి ఉంచే తుప్పుపట్టిన స్టడ్లను (మర కడ్డీలను) విరగకుండా ఊడదీయడమే అసలు పరీక్ష (ఒకటి విరిగింది కూడా). పగులు పాకకుండా దాని రెండు కొసల్లో చిన్న రంధ్రాలు వేసి, మానిఫోల్డును ముందుగా బాగా వేడిచేసి, నికెల్ రాడ్డుతో కొద్దికొద్దిగా వెల్డింగ్ చేయించి, పొడి ఇసుకలో కప్పి రాత్రంతా నెమ్మదిగా చల్లారనిచ్చాను. అతుకు దగ్గర పొగ లీకవకుండా ఆపే కొత్త గ్యాస్కెట్ వేసి, నట్లను మధ్య నుంచి అంచులకు బిగించి, ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ సరిచూశాను. ఈ ఉదయం ఆ టిక్కుటిక్కు వినిపించలేదు.