పెదాల చుట్టూ తిమ్మిరి

థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేసిన మూడో రాత్రి, పదకొండు దాటాక, నా పెదాల చుట్టూ చీమలు పాకుతున్నట్టు అనిపించింది. పచ్చిమిరపకాయ కొరికి, మంట తగ్గాక మిగిలే జివ్వుమనడం లాంటిది. చెంగుతో అద్దుకుంటూ ఉంటే పక్కన పడుకున్న మా అత్తయ్య లేచి, "ఏటమ్మా, మూతి అలా తుడుచుకుంటన్నావు?" అంది. ఏమీ లేదన్నాను. ఆ మాటతో రెండు గంటలు పోయాయి.

ముందు జరిగింది క్లుప్తంగా చెప్పేస్తాను. మెడలో కుడివైపు 1.8 సెంటీమీటర్ల గడ్డ. సూది పరీక్షలో బెథెస్డా 5 అని వచ్చింది, అంటే క్యాన్సర్ అనుమానం గట్టిగానే ఉందని. ఎడమవైపు కూడా చిన్న గడ్డలు ఉండడంతో మొత్తం తీసేయాలన్నారు. సోమవారం ఆపరేషన్, బుధవారం పొద్దున డిశ్చార్జి. తర్వాత బయాప్సీలో పాపిల్లరీ క్యాన్సరే అని తేలింది, కానీ గ్రంథి దాటి బయటికి రాలేదు. మిగిలిన థైరాయిడ్ కణాల్ని చంపడానికి ఇచ్చే రేడియో అయోడిన్ అక్కర్లేదన్నారు. గొంతు నరానికి ఏమీ కాలేదు, మాట మునుపటిలాగే ఉంది. ఆ సర్జన్ చేతికి దండం పెడతాను. కానీ ఆయన వార్డులో ఇచ్చిన డిశ్చార్జి కాగితం మీద నా కోపం ఇంకా పోలేదు. అందులో "కాల్షియం 500, ఎస్ఓఎస్" అని ఒక ముక్క ఉంది. ఎస్ఓఎస్ అంటే అవసరమైతే వేసుకోమని. ఏ అవసరానికి అన్నది ఎవరూ రాయలేదు, నోటితోనూ చెప్పలేదు. మేమూ కొనలేదు.

నేను గోపాలపట్నంలో ఒక ల్యాబులో 18 ఏళ్ళుగా రక్తం తీస్తున్నాను. కాల్షియం ఎంత ఉండాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను, 8.5 నుంచి 10.5 అని. రిపోర్టులో అంకెగా ఎన్నోసార్లు చూసిన ఆ తగ్గుదల ఒంట్లో ఎలా మొదలవుతుందో మాత్రం ఆ రాత్రే తెలిసింది.

థైరాయిడ్ వెనక, దానికి అంటుకుని, బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు మామూలుగా నాలుగు ఉంటాయి. రక్తంలో కాల్షియం నిలబెట్టేది అవే. పేరు కలిసింది గానీ థైరాయిడ్ చేసే పనికీ వీటి పనికీ సంబంధం లేదు. లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఒక భారతీయ ఖడ్గమృగాన్ని కోసినప్పుడు రిచర్డ్ ఓవెన్ వీటిని మొదట గమనించాడట. మనుషుల్లో ఉన్నాయని 1880లో స్వీడన్‌కు చెందిన ఇవార్ శాండ్‌స్ట్రోమ్ వివరంగా రాశాడు. అంత చిన్నవి, అంత ఆలస్యంగా కంటబడినవి. ఎంత నేర్పుగా థైరాయిడ్ తీసినా వీటికి రక్తం తెచ్చే సన్నటి నాళాలు నలగొచ్చు. నలిగితే ఇవి కొన్నాళ్ళు మొద్దుబారిపోతాయి. కాల్షియం మొదటి రోజే పడిపోదు, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు అడుక్కి చేరుతుంది. అంటే సరిగ్గా రోగి ఇంటికొచ్చి పడుకున్నాక. మంగళవారం సాయంత్రం నా కాల్షియం 8.4. "పర్లేదు" అన్నారు. ఆ రోజుకి పర్లేదు, నిజమే. కిందికి దిగుతున్న మెట్ల మీద అది ఒక మెట్టు మాత్రమే.

ఒంటిగంటకి వేలి చివర్లు మొద్దుబారాయి. కాళ్ళ పిక్కలు పట్టేశాయి. మా ఆయన స్టీల్‌ప్లాంటులో నైట్ షిఫ్టు. మరిది ఆటో తెచ్చి, దగ్గర్లో రాత్రంతా తెరిచి ఉండే నర్సింగ్ హోముకి తీసుకెళ్ళాడు. డ్యూటీ డాక్టరు గుండె చూశారు, ఆక్సిజన్ చూశారు. "టెన్షనమ్మా అంతే. మెడ మీద కుట్లు చూసుకుని భయపడుతున్నారు. ఆపరేషన్ అయిన ఆడవాళ్ళకి మామూలే," అని గ్యాస్‌కి ఇంజెక్షన్, నిద్రకి మాత్ర రాశారు.

ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేను. భయంతో గబగబా ఊపిరి తీస్తే బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. అప్పుడు కాల్షియం రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కి ఎక్కువగా అతుక్కుని, స్వేచ్ఛగా తిరిగే కాల్షియం తగ్గుతుంది. అప్పుడూ మూతి చుట్టూ, వేళ్ళల్లో ఇదే తిమ్మిరి. కాబట్టి టెన్షన్ అనుకోవడానికి కారణం ఉంది. కానీ మెడ మీద మూడు రోజుల ప్లాస్టరు కనిపిస్తోంది కదా! ముందు రక్తం తీసి, ఆ తర్వాత కదా టెన్షన్ అనాలి? నిద్రమాత్ర వేసుకుని ఇంటికెళ్ళి పడుకుని ఉంటే, ఫిట్స్ వచ్చేవో, గొంతు కండరాలు బిగుసుకుని ఊపిరి ఆడేది కాదో. రెండూ జరగగలిగినవే.

కాపాడింది సిస్టర్. బీపీ చూడ్డానికి చేతికి పట్టీ కట్టి, నా మెడ వైపు చూసి, "ఏ రోజు చేశారు మేడమ్?" అని అడిగింది. సోమవారం అన్నాను. పట్టీలో గాలి నింపి, వదలకుండా అలాగే ఉంచేసింది. గోడ గడియారం చూస్తూ నిలబడింది. మూడు నిమిషాలు పట్టలేదు. నా బొటనవేలు తనంతట తానే అరచేతిలోకి ముడుచుకుంది. మిగతా నాలుగు వేళ్ళూ నిటారుగా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మణికట్టు లోపలికి వంగిపోయింది. తెరుద్దామంటే రాదు. చెయ్యి నాది కాదన్నట్టు కొంకర్లు పోయింది. "సార్, చెయ్యి చూడండి," అంది, అంతే.

దాన్ని ట్రూసో గుర్తు అంటారు, కాల్షియం పడిపోయిందని చెప్పేది. చెవి ముందు చెంప మీద వేలితో కొడితే పెదవి మూల అదరడం చ్వాస్టెక్ గుర్తు. ఇది కాల్షియం బాగానే ఉన్న కొందరిలోనూ కనిపిస్తుంది. అందుకని బీపీ పట్టీ పరీక్షే ఎక్కువ నమ్మదగ్గది.

ఆ తర్వాత డాక్టరు గారు ఒక్క క్షణం ఆలస్యం చేయలేదు, అదీ చెప్పాలి. ముందు రక్తం తీయించారు. తీస్తున్న అమ్మాయికి ఆ స్థితిలోనూ నేను చెప్పాను, "తల్లీ, ఎర్రమూత ట్యూబు ముందు, ఊదారంగుది తర్వాత" అని. ఊదారంగు ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉండే ఈడీటీఏ అనే మందు కాల్షియాన్ని పట్టేస్తుంది. అందులో రక్తం చుక్క ఇందులో పడినా కాల్షియం లేనిపోని తక్కువ, పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. జబ్బకు కట్టే పట్టీ చాలాసేపు బిగించి ఉంచితే దీనికి తలకిందులు, కాల్షియం ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది.

10 శాతం కాల్షియం గ్లూకోనేట్, 10 మిల్లీలీటర్ల ఆంపూల్ ఒకటి, 50 మిల్లీలీటర్ల డెక్స్ట్రోస్‌లో కలిపి ఈసీజీ చూస్తూ పావుగంట పాటు ఎక్కించారు. తొందరగా ఎక్కిస్తే గుండె లయ తప్పుతుంది. నరం దాటి బయటికి కారితే చర్మం కాలినట్టు పుండవుతుంది. ఒళ్ళంతా వేడి పాకింది, గొంతులో సెగ తగిలినట్టయింది. సీసా సగమయ్యేసరికి బొటనవేలు దానంతటదే విచ్చుకుంది. పట్టీ లేని మరో చెయ్యి అత్తయ్య చేతుల్లో ఉంది. "సింహాద్రప్పన్నా, సింహాద్రప్పన్నా," అంటూనే ఉంది పాపం.

అంబులెన్సులో ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి పంపారు. అక్కడ రిపోర్టు: కాల్షియం 6.6, ఆల్బుమిన్ 3.5. ఆల్బుమిన్ 4 కన్నా ఎంత తగ్గితే దాన్ని 0.8తో గుణించి కాల్షియానికి కలపాలి. అలా చూసినా 7 దాటలేదు. మెగ్నీషియం కూడా తక్కువే. మెగ్నీషియం సరిచేయకుండా ఎంత కాల్షియం పోసినా నిలవదు, ఎందుకంటే అది లేకపోతే పారాథైరాయిడ్ హార్మోను సరిగా ఊరదు, ఊరినా సరిగా పనిచేయదు. ఆ హార్మోను నాకు 6 వచ్చింది. ఉండాల్సింది 15 పైన.

మరో నాలుగు రోజులుండి, మాత్రలతో ఇంటికొచ్చాను. మా కౌంటర్ దగ్గర అందరూ అడిగేవి ఈ మాత్రల గురించే కాబట్టి వివరంగా రాస్తాను. తీసేసిన గ్రంథి చేసే హార్మోనుకి బదులుగా థైరాక్సిన్ 100 మైక్రోగ్రాములు, బరువు కిలోకి సుమారు 1.6 లెక్కన. పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో. కాఫీకి గంట ఆగాలి, మరీ కుదరకపోతే అరగంట. కాల్షియం, ఐరన్ మాత్రలకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండి తీరాలి, లేకపోతే కడుపులోనే థైరాక్సిన్‌ని పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. మన విశాఖ గాలిలో చెమ్మ ఎక్కువ, మాత్రల్ని సీసాలోంచి తీసి డబ్బాలో పోసుకోవద్దు, వంటగట్టు మీద పెట్టొద్దు.

కాల్షియం కార్బొనేట్ అన్నంతో వేసుకోవాలి, కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. రోజూ గ్యాస్ మాత్ర వాడేవాళ్ళు డాక్టరుకి చెబితే కాల్షియం సిట్రేట్‌కి మారుస్తారు. దాంతోపాటు కాల్సిట్రయాల్ 0.25 మైక్రోగ్రాములవి పూటకి రెండు, రెండు పూటలా. "వారానికోసారి పాలల్లో కలుపుకునే 60 వేల డీ విటమిన్ పొడి ఉందిగా, ఇదెందుకు?" అని మా వదినే అడిగింది. ఆ పొడి కిడ్నీలోకెళ్ళి పనికొచ్చే రూపంలోకి మారాలంటే పారాథైరాయిడ్ హార్మోను కావాలి. నాకు లేనిదే అది. కాల్సిట్రయాల్ ఆ మార్పు అయిపోయిన డీ విటమిన్. అలాగని సొంతంగా పెంచుకుంటే దాహం, మలబద్ధకం, చివరికి కిడ్నీలో రాళ్ళు. నాకు కావాలనే 8, 8.5 మధ్య ఉంచారు.

థైరాక్సిన్ మోతాదు సరిపోతోందో లేదో చెప్పే టీఎస్ఎచ్ రక్తపరీక్ష ఆరు నుంచి ఎనిమిది వారాలకి చేయించాలి. థైరాక్సిన్ అర్ధాయువు, అంటే ఒంట్లో సగానికి తగ్గడానికి పట్టే సమయం, వారం, ముందే చేయిస్తే అంకె ఇంకా కుదురుకోదు. ఇంకొకటి, జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు మొదలుపెడతారు చాలామంది. కొన్ని పరీక్ష కిట్లలో బయోటిన్ వల్ల టీఎస్ఎచ్ లేనిపోని తక్కువ వస్తుంది, పారాథైరాయిడ్ హార్మోను కూడా. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపేయండి, రక్తం తీసేవాళ్ళకి చెప్పండి.

"సముద్రం పక్కనుండి, చేపలు తింటూ, మీకు థైరాయిడేంటి?" అన్నవాళ్ళూ ఉన్నారు. అయోడిన్ లేక వచ్చే గొంతువాపు వేరు. ఉప్పులో అయోడిన్ కోసం ప్రభుత్వం 1962లోనే కార్యక్రమం మొదలుపెట్టింది. మన దగ్గరికొచ్చే కేసుల్లో ఎక్కువ ఒంట్లో రక్షణ కణాలే గ్రంథి మీద పడినవి, లేదా గడ్డలు. చేపలకీ వాటికీ లెక్క లేదు.

థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్ళు మొదటి వారం కాల్షియం మాత్రల పట్టీ దిండు కింద పెట్టుకోండి. మూతి చుట్టూ తిమ్మిరొస్తే రెండు నమిలి మింగి డాక్టరుకి ఫోన్ చేయండి. అరగంటలో తగ్గకపోయినా, వేళ్ళు ముడుచుకున్నా, గొంతు బిగిసినా ఎంత రాత్రయినా కదలండి. వెళ్ళి "కాల్షియం చూడండి" అని మీరే అడగండి.

నాలుగో నెలకి హార్మోను 22కి వచ్చింది. కాల్సిట్రయాల్ మెల్లగా తగ్గించి ఆపేశారు. అత్తయ్య మొక్కు ప్రకారం సింహాచలం కొండ కింద తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్లెక్కి అప్పన్న దర్శనం చేసుకున్నాం.

తర్వాతి వారం మాడుగుల హల్వా పట్టుకుని ఆ నర్సింగ్ హోముకి వెళ్ళాను. సిస్టర్ మానేసి వాళ్ళ ఊరెళ్ళిపోయిందన్నారు, ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు. ఆ డాక్టరు గారు ఉన్నారు. 6.6 ఉన్న ఆ రాత్రి రిపోర్టు జిరాక్సు ఆయన బల్ల మీద పెట్టాను. చదివి, చాలాసేపు దాన్నే చూశారు.

"ఇప్పుడెంతుందమ్మా?" అని అడిగారు.

8.7 అని చెప్పాను.