ఆసులూ ఎనిమిదులూ: డెడ్‌వుడ్‌లో ఒక పూట

మౌంట్ రష్‌మోర్‌కి వెళ్లే మనవాళ్లు చాలామంది కొండ మీద చెక్కిన నలుగురు అమెరికా అధ్యక్షుల ముఖాలు చూసి, ఫొటోలు దిగి వెనక్కి తిరిగేస్తారు. అక్కడిదాకా వెళ్లినవాళ్లు ఇంకో గంటో గంటన్నరో కారు నడిపి డెడ్‌వుడ్ కూడా చూడాలని నా మనవి. సౌత్ డకోటాలో, బ్లాక్ హిల్స్ మధ్య ఇరుకు లోయలో ఉన్న చిన్న ఊరు అది. పేకాట తెలిసినవాళ్లకైతే మరీను.

1876 ఆగస్టు 2న ఈ ఊరి సెలూన్ నంబర్ 10 అనే బారులో (అక్కడ సెలూన్ అంటే మందు అమ్మే చోటు) వైల్డ్ బిల్ హికాక్ ఐదు ముక్కల పోకర్ పేకాట ఆడుతూ చనిపోయాడు. వయసు 39. తుపాకీ పట్టడంలో అమెరికా అంతా పేరున్న మనిషి. అప్పుడు అతని చేతిలో ఉన్నవి ఇస్పేటు, కళావరు ఆసులు రెండు, అవే రంగుల ఎనిమిదులు రెండు అని కథ. ఆ నాలుగు ముక్కల్నీ ఇప్పటికీ 'చచ్చినవాడి చెయ్యి' అంటారు (పోకర్‌లో 'చెయ్యి' అంటే చేతికొచ్చిన ముక్కలు). ఐదో ముక్క ఏదన్నదానికి ఒక్కొక్కరిది ఒక్కో మాట.

అసలు సెలూన్ 1879 అగ్నిప్రమాదంలో పోయింది. ఇప్పుడు అదే పేరుతో నడుస్తున్నది మెయిన్ స్ట్రీట్‌లో ఇంకోచోట ఉంది. నేల మీద రంపపు పొట్టు, గోడల నిండా పాత ఫొటోలు. తలుపు పైన అద్దాల పెట్టెలో ఓ చెక్క కుర్చీ. హికాక్ ఆఖరిసారి కూర్చున్నది అదేనని చెబుతారు. నేను ఎక్కువసేపు చూసింది దాన్నే. ఎందుకంటే, నా దృష్టిలో ఈ కథకి ప్రాణం ముక్కల్లో లేదు, కుర్చీలో ఉంది.

హికాక్ ఎప్పుడూ గోడకి వీపు ఆనించి, తలుపు కనిపించేలా కూర్చునేవాడు. ఆ రోజు ఆ చోటులో చార్లీ రిచ్ ఉన్నాడు. మార్చుకుందామని రెండుసార్లు అడిగినా అతను లేవలేదు. సరేనని హికాక్ వెనుక తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు. జాక్ మెకాల్ అనేవాడు వెనక నుంచి వచ్చి తలలో కాల్చాడు. ఆ గుండు హికాక్ చెంపలోంచి బయటికొచ్చి, ఎదురుగా ఆడుతున్న స్టీమర్ కెప్టెన్ మాసీ మణికట్టులో దిగింది. వేసవిలో ఇదంతా సెలూన్‌లో నటించి చూపిస్తారు. ఏం జరగబోతోందో ముందే తెలిసినా, ఆ కుర్చీ మారమని అడిగే ఘట్టం వచ్చేసరికి నాకు టెన్షన్ తప్పలేదు.

మరి ఆసులూ ఎనిమిదులూ ఎక్కణ్ణుంచి వచ్చాయి? శవానికి స్నానం చేయించి సిద్ధం చేసిన క్షురకుడు పియర్స్ చెప్పిన మాటగా 1926లో ఫ్రాంక్ విల్‌స్టాక్ రాసిన జీవితచరిత్రతో అవి జనంలోకి వచ్చాయి. అంటే హత్య జరిగిన 50 ఏళ్లకి! అంతకుముందు 1880లలోనే 'చచ్చినవాడి చెయ్యి' అన్న మాట వాడుకలో ఉంది కానీ, దానికి ముక్కలు వేరు: మూడు జాకీలు, రెండు పదులు. ఇది తెలిశాక కథ మీద మోజు తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు. పేకాడేవాళ్లు తమ భయానికి ఓ పేరు వెతుక్కున్నారు, హికాక్ చావు దానికి సరిగ్గా కుదిరింది.

ఊరి పైన మౌంట్ మొరైయా శ్మశానానికి ఎక్కడం కాస్త ఆయాసమే. హికాక్ సమాధి మీద కంచు విగ్రహం, దాని దగ్గర జనం వదిలిన నాణేలు, పేక ముక్కలు. పక్కనే ఆ రోజుల్లో పేరున్న సాహసి కలామిటీ జేన్ సమాధి, 1903 నుంచి. నిలబడి చూస్తే లోయలో ఊరంతా కనిపిస్తుంది.

మెకాల్ సంగతి మాత్రం సమాధి దగ్గర ఎవరూ చెప్పరు. మర్నాడే గని పనివాళ్లు ఓ పంచాయితీ పెట్టి అతన్ని నిర్దోషి అన్నారు. తన అన్నదమ్ముణ్ణి హికాక్ చంపినందుకు పగ తీర్చుకున్నానని వాడు చెప్పిన మాట నమ్మారు. తర్వాత అప్పటి డకోటా రాజధాని యాంక్టన్‌లో మళ్లీ విచారణ జరిపి, 1877 మార్చి 1న ఉరితీశారు. ఒకే నేరానికి రెండో విచారణ ఎలా కుదిరిందంటే, డెడ్‌వుడ్ అసలు చట్టబద్ధమైన ఊరే కాదు. 1868 ఫోర్ట్ లారమీ ఒప్పందం ప్రకారం ఆ కొండలు లకోటాలనే అక్కడి ఆదివాసులవి. బంగారం కోసం జనం చొరబడి ఊరు కట్టేశారు. కాబట్టి అక్కడి కోర్టుకి విలువ లేదన్నారు.

అదే 1877లో ఆ కొండల్ని ప్రభుత్వం లాక్కుంది. 1980లో అమెరికా సుప్రీంకోర్టు దానికి వడ్డీతో కలిపి 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. లకోటాలు ఇప్పటికీ ఆ డబ్బు తీసుకోలేదు. కొండలే కావాలంటున్నారు.