లాన్‌లో గరిక పంట, తుంగ కలుపు

విదేశాల్లో తోటపనికి చేరినవాళ్లు మొదట్లో తడబడేది మొక్కల దగ్గర కాదు, పేర్ల దగ్గర. వేడి దేశాల లాన్లలో కనిపించే కలుపు చాలావరకు మనం చేలో పీకిందే. సూపర్‌వైజర్ నట్‌సెడ్జ్ అంటే తుంగ. పర్స్‌లేన్ అంటే గంగపాయల. పంక్చర్‌వైన్ అంటే పల్లేరు. ఇక బెర్ముడా గ్రాస్ అంటే సాక్షాత్తూ గరిక! చేలో వేరుతో సహా పెకలించిన దాన్నే ఇక్కడ నీళ్లు పెట్టి, ఎరువు చల్లి పెంచుతారు. అలవాటు కొద్దీ చెయ్యి దాని మీదికే పోతుంది, జాగ్రత్త. అదే గరిక పూలమడిలోకి పాకిందంటే మాత్రం మళ్లీ కలుపే.

అన్నిటికన్నా సతాయించేది తుంగ. లాన్ కోసిన రెండు మూడు రోజులకే మిగతా గడ్డిని దాటి లేత పచ్చగా, నిగనిగలాడుతూ నిలబడితే అనుమానించాలి. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి చూడండి. గడ్డి కాడయితే నున్నగా తిరుగుతుంది. తుంగ కాడ మూడు పలకలుగా ఆగి ఆగి తిరుగుతుంది. కణుపులు ఉండవు. ఇందులో రెండు రకాలు. ఊదా తుంగకు కంకి ముదురు ఎరుపు, గడ్డలు గొలుసులా ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. పసుపు తుంగకు కంకి బంగారు రంగు, గడ్డ వేరు కొసన ఒక్కటే ఉంటుంది, ఆకు మొన సూదిలా సాగుతుంది.

చేత్తో పీకితే పైభాగం తెగి వస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. పైగా తల్లి మొక్క పోగానే గొలుసులో నిద్రపోతున్న పక్క గడ్డలు మొలకెత్తుతాయి. పీకినచోట ఒకటికి మూడు లేచాయంటే కారణమిదే. గడ్డలు ఎక్కువగా పైనున్న 15 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి కాబట్టి పూలమడిలో పారతో ఆ లోతుకు తవ్వి, మట్టి జల్లించి ఏరేయొచ్చు. లాన్‌లో అది కుదరదు. అక్కడ తుంగను చంపే హాలోసల్ఫ్యూరాన్ అనే కలుపు మందు వాడతారు. గరికకు హాని చెయ్యదు. తుంగ ఆకు మైనం పూసినట్టు ఉంటుంది కనుక సర్ఫాక్టెంట్, అంటే మన జిగురు మందు, కలపకపోతే చుక్కలు జారిపోతాయి. మందు కొట్టడానికి రెండు రోజుల ముందూ తర్వాతా లాన్ కొయ్యొద్దు. తుంగ పసుపెక్కడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా పని చెయ్యలేదనుకుని మళ్లీ కొట్టేవాళ్లున్నారు, అది తప్పు. మోతాదు డబ్బా మీది లేబుల్ ప్రకారమే. గ్లైఫోసేట్ అనే కలుపు మందు మాత్రం లాన్‌లో ముట్టుకోవద్దు, గరిక కూడా చస్తుంది.

గంగపాయల, నానబాలు రెండూ ఎర్రటి కాడలతో నేలకు అంటుకుని పాకుతాయి, దూరం నుంచి తేడా తెలియదు. కాడ తుంచండి. పాలొస్తే నానబాలు, ఇంగ్లీషువాళ్ల స్పర్జ్. ఆ పాలు కంట్లో పడితే మంట మామూలుగా ఉండదు, గ్లవ్స్ తియ్యకండి. నీరు మాత్రమే వచ్చి, ఆకు కండగా ఉంటే గంగపాయల. దాన్ని పీకి తడినేల మీదే వదిలేస్తే ముక్క ముక్కా మళ్లీ వేరు వేస్తుంది, పూసిన కొమ్మలో గింజ కూడా ముదురుతుంది. వెంటనే సంచిలో వెయ్యాలి.

పులిచింతను క్లోవర్ (ఇదీ మూడాకుల మొక్కే) అని రిపోర్టులో రాసేస్తుంటారు. పులిచింత మూడాకులూ హృదయాకారంలో నొక్కు పడి ఉంటాయి, పువ్వు పసుపు. తెల్ల క్లోవర్ ఆకులు కోలగా ఉంటాయి, మీద తెల్లటి చార కనిపిస్తుంది. పులిచింత కాయ ముదిరాక తాకితే పేలి గింజలు చిమ్ముతుంది, అందుకే కాయ పట్టకముందే తియ్యాలి.

దారుల పక్కన, తొక్కుడు ఎక్కువైనచోట మొదలు తెల్లగా, నేలకేసి అదిమినట్టు చక్రంలా పరుచుకున్న గడ్డి గూస్‌గ్రాస్. అది కనిపించిందంటే నేల గట్టిపడిందని అర్థం. రంధ్రాలు చేసి గుల్ల చెయ్యకపోతే ఎన్నిసార్లు పీకినా వస్తుంది.

పల్లేరును గుర్తుపట్టడం మీకు నేర్పక్కర్లేదు, కాలే చెబుతుంది. కాకపోతే ఆ ముళ్లకాయలు బూట్ల అడుగునా గడ్డి కోసే మోవర్ టైర్లకూ గుచ్చుకుని ఒక సైటు నుంచి ఇంకో సైటుకు వెళ్తాయి. బండి ఎక్కించేముందు టైర్లు చూసి కాయలు లాగేయండి, మోవర్ అడుగున అంటుకున్న గడ్డి కూడా అక్కడే గీకి దులపండి.